బీపీ చూసేటప్పుడే మనసు గురించీ అడిగించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా నాన్నకి 68 ఏళ్ల వయసులో గుండెపోటు వచ్చింది. అప్పటికి ఏడాదిన్నరగా ఆయన డిప్రెషన్‌లో ఉన్నారు. ఈ రెండింటికీ సంబంధం ఉండొచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. అడగాలని మాకూ తోచలేదు.

అమ్మ పోయాక ఆయన మెల్లగా తనలోకి తాను ముడుచుకుపోయారు. మూడు నెలలకోసారి చెకప్‌కి మాత్రం తప్పకుండా తీసుకెళ్లేదాన్ని. బీపీ చూసేవారు, షుగర్ చూసేవారు, బరువు రాసుకునేవారు. నిద్ర పట్టట్లేదనీ, ఒళ్లంతా నొప్పులనీ, ఏదీ తినబుద్ధి కావట్లేదనీ నాన్న చెబితే నిద్రమాత్ర ఒకటి రాసి, "ఈ వయసులో ఇవన్నీ మామూలేనండీ" అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను. పెద్దవాళ్లలో చాలామంది తమకు దిగులుగా ఉందని నోరు తెరిచి చెప్పరు. నడుం నొప్పి అంటారు, నీరసం అంటారు, ఏదీ గుర్తుండట్లేదంటారు. ముసలితనం వస్తే డిప్రెషన్ కూడా రావాలని ఎక్కడా లేదు. అది జబ్బు, దానికి చికిత్స ఉంది.

హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చిన రోజు ఆయన పక్క సర్దుతుంటే దిండు వెనక మాత్రల డబ్బా దొరికింది. వారానికి సరిపడా ఏడు అరలున్న డబ్బా, నేనే కొనిచ్చాను. ఆదివారం, సోమవారం అరలు ఖాళీగా ఉన్నాయి. మంగళవారం నుంచి బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర ఎక్కడివక్కడే ఉన్నాయి. "మర్చిపోయారా నాన్నా?" అన్నాను. "మర్చిపోలేదమ్మా. వేసుకుని ఏం చేయాలిలే అనిపించింది" అన్నారు.

డిప్రెషన్ గుండె దాకా వెళ్లే దారుల్లో ఒకటి నాకు ఆ డబ్బాలో కనిపించింది. మందులు మానేస్తారు, నడక మానేస్తారు, కొందరు సిగరెట్లు పెంచుతారు. రెండో దారి ఒంట్లోనే ఉంది. కార్టిసాల్ లాంటి స్ట్రెస్ హార్మోన్లు ఎక్కువగా ఉండిపోతాయి, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో లోలోపలి వాపు) పెరుగుతుంది, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు తేలిగ్గా ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇవన్నీ రక్తనాళాలు పూడుకుపోవడానికి సాయం చేసేవే.

మరి డిప్రెషన్‌కి చికిత్స చేస్తే గుండెకి మేలు జరుగుతుందా? నన్ను ఈ లేఖ రాయించింది ఈ ప్రశ్నే. గుండెపోటు వచ్చినవాళ్ల మీద అమెరికాలో చేసిన ఎన్‌రిచ్డ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 2003లో వచ్చాయి. సుమారు 2,500 మందిని చూశారు. చికిత్సతో దిగులు కొంత తగ్గింది కానీ, మళ్లీ గుండెపోటు రావడం, చనిపోవడం తగ్గలేదు. 60 దాటినవాళ్ల డిప్రెషన్ మీద అక్కడే ఇంపాక్ట్ అనే మరో పరిశోధన జరిగింది. అందులో ఇండియానా రాష్ట్రంలో పాల్గొన్న 235 మందిని ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ లెక్కలోకి తీసుకుని, ఆ ఫలితాలు 2014లో ప్రచురించారు. మొదట్లో గుండెజబ్బు లేనివాళ్లలో, మామూలు వైద్యం అందినవారిలో 47 శాతం మందికి గుండెపోటో పక్షవాతమో వచ్చింది. డిప్రెషన్‌కి ప్రత్యేక చికిత్స అందినవారిలో అది 28 శాతమే. అప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్లలో మాత్రం తేడా కనిపించలేదు.

ఇది చిన్న పరిశోధన, దీంతోనే అంతా తేలిపోయిందని నేను అనను. గుండెపోటు వచ్చాక చికిత్స దండగ అని కూడా అనను. దక్షిణ కొరియాలో 300 మంది మీద చేసిన పరిశోధనలో అలాంటివాళ్లకీ డిప్రెషన్ మందుతో మేలు జరిగిందని 2018లో తేలింది. పెద్ద పరిశోధనలు ఇంకా జరగాలి, వాటికి మీ శాఖ డబ్బు కేటాయించాలి. కానీ ఆ ఫలితాలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. గుండె సంగతి పక్కన పెట్టినా, దిగులుతో కుంగిపోతున్న మనిషికి చికిత్స చేయాల్సిందే కదా.

నేను అడిగేది కొత్త ఆసుపత్రులు కాదు. 60 దాటినవాళ్లకి బీపీ చూసే చోటే రెండు ప్రశ్నలు అడిగించండి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా? దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపిస్తోందా? అవునంటే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారం నింపిస్తే చాలు, ఎవరి సంగతి ఇంకా లోతుగా చూడాలో తెలుస్తుంది. కొన్ని నిమిషాల పని.

అయితే అడిగి వదిలేస్తే మాత్రం అడగకపోవడం కన్నా అన్యాయం. ఇంపాక్ట్‌లో పనిచేసింది ఒక్క మందుబిళ్ల కాదు. ట్రైనింగ్ అయిన నర్సో, సైకాలజిస్టో ఒకరు పేషెంట్‌ని ఏడాది దాకా కనిపెట్టుకుని ఉండేవారు. ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కునేవారు. మందు కావాలో, సమస్యల్ని ఒక్కొక్కటిగా పరిష్కరించుకోవడం నేర్పే కౌన్సెలింగ్ కావాలో పేషెంట్ ఇష్టాన్ని బట్టి చూసేవారు. మామూలు డాక్టరే వైద్యం చేసేవారు, వెనక సైకియాట్రిస్టు సలహా ఉండేది. మందుల విషయంలో జాగ్రత్తలూ నేర్పించాలి. పాతకాలపు డిప్రెషన్ మందులు కొన్ని గుండె లయని దెబ్బతీయగలవు. కొత్తవాటిలో కొన్నింటితో పెద్దవాళ్లలో సోడియం పడిపోవచ్చు, ఆస్పిరిన్‌తో కలిపితే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు.

నాన్నకి ఇప్పుడు రెండు చికిత్సలూ జరుగుతున్నాయి. మాత్రల డబ్బా శనివారానికి ఖాళీ అవుతోంది. పోయిన వారం చెకప్‌కి వెళితే ఎప్పటి ఫారమే చేతికిచ్చారు: బీపీ, షుగర్, బరువు, కొలెస్ట్రాల్. ఈసారి ఆ ఫారం అచ్చు వేయించేటప్పుడు ఈ రెండు ప్రశ్నలూ చేర్చమని ఆదేశాలివ్వండి. నర్సుల ట్రైనింగ్ కూడా దాంతోపాటే మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక కూతురు