ఎర్రనల్లి కనిపించింది, అందుకే కొన్ని మొక్కల అమ్మకం ఆపాం

అందరికీ నమస్కారం. కలాథియా, అలొకేసియా, ఐవీ, అరెకా పామ్ మొక్కల ఆర్డర్లు ప్రస్తుతానికి తీసుకోవడం లేదు. కారణం ఎర్రనల్లి (స్పైడర్ మైట్), అంటే ఆకుల పసరు పీల్చి బతికే చాలా చిన్న పురుగు; మంచాల్లో ఉండే నల్లి కాదు. ఎండలు ముదిరాక మా షెడ్డులో ముందు కలాథియా ఆకుల మీద కనిపించింది. పక్క బల్లలు కూడా వెతికితే అక్కడక్కడా దొరికింది. నల్లి పట్టిన మొక్క మీ ఇంటికి వస్తే అది మీ దగ్గర ఉన్న మిగతా వాటికీ పాకుతుంది. అందుకని షెడ్డు శుభ్రపడేదాకా ఈ నాలుగు రకాలూ బయటికి పంపం. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఆగగలిగితే ఆగండి. వద్దనుకుంటే ఒక మెసేజ్ పెట్టండి చాలు, మొత్తం డబ్బు తిరిగి వేస్తాం.

ఈ మధ్య మా దగ్గర ఆ మొక్కలు తీసుకున్నవాళ్లు దయచేసి ఈరోజే ఒకసారి చూసుకోండి. ప్రతి మొక్కనీ ఆకు తిప్పి చూసే పంపుతాం. అయినా గుడ్డు దశలో ఉంటే మామూలు కంటికి ఆనదు. కాబట్టి మీ మొక్కకి లేదని ఇక్కడ కూర్చుని హామీ ఇవ్వలేను.

ముందు ఆకు పైభాగం చూడండి. సూదితో గుచ్చినట్టు సన్నటి తెల్ల చుక్కలు, లేత పసుపు చుక్కలు కనిపిస్తే అనుమానించాలి. చాలామంది ఈ దశలో నీళ్లు ఎక్కువయ్యాయనో, ఎరువు చాలలేదనో అనుకుంటారు. ఎరువు వేస్తారు. ఎరువులోని నత్రజని ఎక్కువైన లేత ఆకుల మీద నల్లి ఇంకా బాగా పెరుగుతుంది. ఇప్పుడు ఆకు తిప్పి, నడి ఈనె పక్కన, కాడ కలిసే చోట వెతకండి. పెద్ద నల్లి కూడా సుమారు అర మిల్లీమీటరే ఉంటుంది. ఎర్రగా ఉంటుందని వెతికితే దొరక్కపోవచ్చు. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది లేత పసుపులోనో ఆకుపచ్చలోనో ఉండి, వీపుకి రెండు వైపులా నల్లటి మచ్చలతో ఉంటుంది. పక్కనే అది విడిచిన తెల్లటి పొట్టు, గుండ్రటి గుడ్లు ఉంటాయి.

కంటికి ఆనకపోతే తెల్ల కాగితం ఆకు కింద పట్టుకుని ఆకుని గట్టిగా రెండు మూడుసార్లు తట్టండి. రాలిన నలుసుల్ని ఒక నిమిషం కదలకుండా చూడండి. వాటిలో ఏదైనా నడవడం మొదలుపెడితే అనుమానం తీరినట్టే. గూడు కనిపించేదాకా ఆగకండి. ఆకుల మధ్య సన్నటి దారాలు కట్టిందంటే అప్పటికే వందల్లో ఉన్నాయని అర్థం.

ఇంట్లో పిల్లలున్నారని టెన్షన్ పడుతూ ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. ఇది మనుషుల్ని కుట్టదు, పెంపుడు జంతువుల మీద బతకదు. దానికి కావలసింది ఆకులోని పసరు మాత్రమే.

ఇక ఎక్కువమంది అడుగుతున్నది మందు. “ఒక్కసారి కొడితే పోయే మందు ఉంటే పంపండి” అని. సీసాలు మా దగ్గరా ఉన్నాయి. కానీ దీనికోసం మా దగ్గర కొనవద్దనే చెబుతున్నాను. ఎర్రనల్లి కీటకం కాదు, సాలీడు జాతికి చెందినది, ఎనిమిది కాళ్లుంటాయి. పేనుబంకకీ పిండినల్లికీ వాడే చాలా మందులు దీన్ని ఏమీ చేయవు. కీటకాలకి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ అనే మందు వాడిన మొక్కల మీద ఎర్రనల్లి తగ్గకపోగా ఇంకా పెరిగిన సందర్భాలు పరిశోధనల్లో నమోదయ్యాయి. ప్రపంచం మొత్తం మీద 90కి పైగా రసాయనాలను తట్టుకునే శక్తి ఇది తెచ్చుకుంది. పొలాల్లో నల్లికి కొట్టే ఘాటు మందులేమో మనం పడుకునే గదిలో కొట్టుకోవాల్సినవి కావు.

దీని బలమంతా వేగంలో ఉంది. 27 నుంచి 30 డిగ్రీల వేడిలో, పొడిగాలిలో గుడ్డు పొదిగి, పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టే దశకి రావడానికి వారం పది రోజులు చాలు. ఒక్క ఆడ నల్లి తన జీవితంలో వంద దాకా గుడ్లు పెట్టగలదు. మగది లేకపోయినా గుడ్లు పెడుతుంది, వాటిలోంచి మగవే పుడతాయి, ఆ తర్వాత వాటితోనే జతకడుతుంది. అంటే ఒక్కటి మిగిలినా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఏం కొట్టామన్న దానికన్నా ఎన్ని రోజులకోసారి కొట్టామన్నదే తేలుస్తుంది.

ఇంట్లో చేయాల్సింది ఇది. నల్లి ఉన్న కుండీని వెంటనే విడిగా, వేరే గదిలో పెట్టండి. బాగా పాడైన ఆకులు కత్తిరించి, కవర్లో వేసి మూతి కట్టి పారేయండి. కుండీ మట్టి మీద ప్లాస్టిక్ కవర్ కట్టి, మొక్కని పక్కకి వంచి, షవర్ కిందో పైపుతోనో ఆకుల అడుగు భాగం బాగా కడగండి. నా అనుభవంలో సగం పని ఈ కడగడంతోనే అయిపోతుంది. చాలామంది వదిలేసేది కూడా దీన్నే.

ఆకు ఆరాక సబ్బు నీళ్లు. మొక్కల కోసం అమ్మే సబ్బు ద్రావణం అయితే దాని మీద రాసిన మోతాదే వాడండి. అది దొరక్కపోతే రంగు, వాసన లేని తేలిక ద్రవ సబ్బు లీటరు నీటికి 5 మి.లీ. కలపండి. జిడ్డు వదిలించే డిటర్జెంట్లు ఆకుల్ని మాడుస్తాయి, వాటి జోలికి వెళ్లకండి. ముందు ఒక ఆకు మీద కొట్టి, ఒకటి రెండు రోజులు చూశాక మిగతాదానికి కొట్టండి. ఫెర్న్‌లు, జేడ్ మొక్క సబ్బుని అంతగా తట్టుకోవు. సబ్బు తడిగా తగిలిన నల్లినే చంపుతుంది, ఆరిపోయాక దాని పని అయిపోయినట్టే. కాబట్టి ఆకు అడుగంతా కారేలా తడపాలి. పైపైన కొడితే ఏం లాభం లేదు. సాయంత్రం పూట, నేరుగా ఎండ పడని చోట కొట్టండి.

సబ్బు గుడ్లని పెద్దగా ఏమీ చేయదు. ఆ గుడ్లు పొదిగి బయటికొచ్చిన పిల్లలు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టకముందే ఇంకోసారి కొట్టాలి. వేడి రోజుల్లో నాలుగైదు రోజులకోసారి, కనీసం నాలుగు సార్లు. రెండోసారికే మొక్క బాగుందనిపించి ఆపేస్తే మళ్లీ వస్తుంది. సబ్బుకి బదులు వేపనూనె వాడేవాళ్లు లీటరు నీటికి 5 మి.లీ. నూనె, అది నీటిలో కలవడానికి కాస్త సబ్బు వేసుకోండి. గంధకం పొడి వాడిన మొక్క మీద మాత్రం నెల రోజుల దాకా నూనె కొట్టకండి, ఆకు కాలిపోతుంది.

కుండీ అంచులు, మొక్క పెట్టిన అర, కత్తెర తుడవండి. రోజూ మొక్కల పని చేసేటప్పుడు జబ్బు మొక్కని ఆఖరున ముట్టుకోండి, ఇది చేతుల మీదా బట్టల మీదా ప్రయాణం చేస్తుంది. రోజూ ఆకుల మీద కాస్త నీళ్లు చిలకరించడం వల్ల పట్టిన నల్లి పోదు.

మా షెడ్డులో సబ్బుతో పాటు, కొన్ని బల్లల మీద వేటాడే నల్లిని వదిలాం. దాని పేరు ఫైటోసియులస్ పెర్సిమిలిస్. 1958లో చిలీ నుంచి జర్మనీకి వెళ్లిన ఆర్కిడ్ మొక్కల మీద దీన్ని గుర్తించారు. అప్పటినుంచి గ్రీన్‌హౌసుల్లో వాడుతున్నారు. నారింజ రంగులో, నిగనిగలాడుతూ, ఎర్రనల్లి కంటే చాలా చురుగ్గా పరిగెడుతుంది. ఎర్రనల్లినీ దాని గుడ్లనీ తినే బతుకుతుంది, అవి అయిపోతే తిండి లేక చచ్చిపోతుంది. దానికి గాలిలో తేమ బాగా ఉండాలి, అది ఉన్న చోట సబ్బు కొట్టకూడదు. నాలుగైదు కుండీలున్న ఇంటికి ఇది అక్కర్లేదు, చేతితో కడగడమే సులువు.

ఇకముందు కొత్తగా వచ్చిన ప్రతి మొక్కా మూడు వారాలు విడిగా ఉంటుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో వారానికోసారి చూస్తాం. పాత బల్లల మీద వరసగా మూడు వారాలు ఒక్కటీ కనిపించకపోతేనే ఆ నాలుగు రకాల ఆర్డర్లు మళ్లీ తెరుస్తాం. తేదీ ఇప్పుడే చెప్పలేను. తెరిచిన రోజు ఇక్కడే రాస్తాను.

మా దగ్గర ఈ మధ్య కొన్న మొక్కకి నల్లి కనిపిస్తే, పగటి వెలుతురులో ఆకు అడుగు భాగం దగ్గర్నుంచి ఫోటో తీసి పంపండి. మొక్క కోలుకోకపోతే అమ్మకాలు మొదలవగానే కొత్తది పంపుతాం, దానికి డబ్బు తీసుకోం. పాత మొక్కని మాత్రం తిరిగి పంపకండి, దారిలో వేరేవాళ్ల మొక్కలకి అంటుకుంటుంది.