ఎగ్జిమెస్టేన్ మాత్రల కోసం వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గరి పల్లె నుంచి నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మా అమ్మకు వచ్చింది ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మీద ఆధారపడి పెరిగే రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత మూడేళ్లు, క్యాన్సర్ కణాల మీద ఆ హార్మోన్ పనిచేయకుండా అడ్డుకునే టామాక్సిఫెన్ మందు వాడాక, డాక్టరు గారు రోజుకు 25 మిల్లీగ్రాముల ఎగ్జిమెస్టేన్‌కు మార్చారు. ముట్లుడిగాక అండాశయాలు ఈస్ట్రోజెన్‌ను దాదాపు మానేసినా, కొవ్వులోనూ కండరాల్లోనూ ఉండే ఆరోమటేజ్ అనే ఎంజైము మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆండ్రోజెన్లు అనే హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. ఎగ్జిమెస్టేన్ కూడా స్టెరాయిడే. ఆ ఆండ్రోజెన్లను పోలి ఉంటుంది గనుక ఎంజైము దాన్ని తన సరుకే అనుకొని పట్టుకుంటుంది, ఇక వదిలించుకోలేక శాశ్వతంగా చెడిపోతుంది. స్టెరాయిడ్ అనగానే ఒళ్లు ఉబ్బుతుందని అమ్మను భయపెట్టినవారు మా వీధిలో లేకపోలేదు గానీ, ఇది ఆ కోవ మందు కాదు.

అయితే శరీరం కొత్త ఎంజైమును తయారు చేసుకుంటూనే ఉంటుంది కాబట్టి మాత్ర రోజూ పడాలి. ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టదని, అమ్మ మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల చట్నీతో తిన్నాకే వేసుకొని, తిరుమల క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుడుతుంది. తిరుపతిలో మేము వెళ్లే ఆసుపత్రిలో ఒకసారికి పది మాత్రలే ఇస్తారు. స్టాకు లేదన్న రోజున తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లినవాళ్లం ఉత్త చేతులతో తిరిగొస్తాం. ఒకటి రెండు రోజులు తప్పితే కొంప మునగదని డాక్టరు గారే చెప్పారు. కానీ పోయిన నెల క్యాలెండరులో తొమ్మిది తేదీలకు సున్నాలు లేవు. ఒకసారి కౌంటరులో ‘రెండూ ఒకటే’ అంటూ లెట్రొజోల్ చేతిలో పెట్టారు. అదీ మంచి మందే, అడ్డుకునేది ఆ ఎంజైమునే. కానీ అది స్టెరాయిడ్ కాదు, ఎంజైమును చెడగొట్టదు, తానున్నంతసేపు ఆపుతుందంతే. ఏది వాడాలో తేల్చవలసింది డాక్టరు గారు.

కనుక, ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి తిరుపతి డాక్టరు చీటీ మీదనే, ఇంటికి దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో ఒకేసారి తొంభై మాత్రలు ఇచ్చేలా ఉత్తర్వులివ్వండి. ఈ మందు ఎముకలను పలుచబరుస్తుంది కాబట్టి ఎముకల సాంద్రత పరీక్షను కూడా ఉచితంగా చేయించండి. ఈ లేఖ రాసేనాటికి అమ్మ స్ట్రిప్పులో నాలుగు మాత్రలున్నాయి.

భవదీయుడు,
ఒక రోగి కుమారుడు