ఆ ఏరియేటర్లు తెచ్చుకున్నాన్రా

ఒరేయ్ మావా,

ప్రభువు నామంలో వందనాలురా. నువ్వు కువైట్ వెళ్ళాక ఇంత పెద్ద ఉత్తరం రాయడం ఇదే, ఫోన్‌లో చెబ్దామంటే గొంతు పట్టేస్తోంది, అందుకే రాస్తున్నా.

ఈసారి మన వనామి రొయ్యల చెరువు బాగా వచ్చింది కదా, పట్టుబడి అయ్యి డబ్బులు చేతికొచ్చాక ఇంటి దగ్గర కృతజ్ఞత కూటం పెట్టించా. షామియానా, మైకు, రెండొందల మందికి బిర్యానీ. సాక్ష్యం చెప్పమంటే లేచి 91వ కీర్తన ఎత్తుకున్నా, "నీ ప్రక్కను వేయిమంది పడినను" అని. మా గట్టు పక్క చెరువు వైట్ స్పాట్ వైరస్ రోగంతో పోయింది, 45 రోజులకే పట్టేసుకున్నారు, నా చెరువుని మాత్రం దేవుడు ముట్టనివ్వలేదు, ఎందుకంటే నేను దశమభాగం, అదే సంపాదనలో దేవుడికిచ్చే పదోవంతు, ఎప్పుడూ ఆపలేదు అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆ గట్టు పక్క చెరువు ఎవరిదో నీకు తెలుసు. అన్న అక్కడే, వెనకాల చాప మీద, వదినతో పాటు కూర్చునున్నాడురా.

భోజనాలయ్యాక వచ్చి నా చెయ్యి పట్టుకుని "బాగుంది తమ్ముడూ, నువ్వు బాగున్నావ్, చాలు. మా ఏరియేటర్లు, ఆ చెరువు నీళ్ళకి గాలి పట్టించే మిషన్లు, ఖాళీగానే ఉన్నాయి, వచ్చే పంటకి కావాలంటే పట్టుకెళ్ళు" అన్నాడు. నేను "వద్దులే అన్నా, ఉన్నాయిలే" అనేసి పక్కకి తిరిగిపోయా.

తర్వాత వారానికి చెరువు కాపలా అబ్బాయి మాటల్లో ఒక సంగతి చెప్పాడు. అన్న చెరువు పోయినప్పుడు ఆ నీళ్ళు డ్రెయిన్‌లోకి వదల్లేదంట. వైరస్ నీళ్ళలో పోతుంది కదా, వదిలితే కింద ఉన్న నాకే ముందు తగులుతుందని, అప్పు తెచ్చి బ్లీచింగ్ కొట్టించి, అన్ని రోజులు నీళ్ళు కట్టేసి ఉంచి, అప్పుడు వదిలాడంట. నాకు చెప్పనే లేదు. చూడరా, దేవుడు నా చెరువుని కాపాడాడన్నది నిజమే, కాకపోతే కాపాడింది అన్న చేతుల మీదుగా, నేనేమో మైకు పట్టుకుని అన్ననే పడిపోయినవాడి లెక్కలో వేసి మాట్లాడాను.

ఆ రాత్రి లూకా 18 తీశా. గుడిలో ప్రార్థనకెళ్ళిన ఇద్దరు, నిష్ఠగా ఉండే పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి, వాళ్ళ కథ మనం సండే స్కూల్ నుంచి వింటున్నదే కదా, నేనెప్పుడూ సుంకరి వైపే కూర్చుని విన్నా. ఈసారి చదువుతుంటే ఒకటి తగిలింది. పరిసయ్యుడు అబద్ధం చెప్పలేదురా. వారానికి రెండుసార్లు ఉపవాసం నిజం, పదోవంతు నిజం. పైగా అతను చేసింది కృతజ్ఞత ప్రార్థన! "ఈ సుంకరివలెనైనను ఉండనందుకు నీకు కృతజ్ఞతాస్తుతులు" అంటాడు. ఆ ఒక్క మాటలో పక్కనున్న మనిషిని దేవుడి ముందే కిందకి తోశాడు. నా సాక్ష్యం కూడా అదే, ఉపవాసం బదులు రొయ్యలు, అంతే. ఇంకో సంగతి, 91వ కీర్తన దేవాలయం శిఖరం మీద యేసుతో సాతాను ఎత్తిన కీర్తన కూడా, వాక్యం నోట్లో ఉన్నంత మాత్రాన ఏమీ లేదని అప్పుడు భయమేసింది.

మనకి ఇంకో గర్వం ఉంది, నీకూ ఉంది, కోపం తెచ్చుకోకు. 1836లో మిషనరీ గ్రోవ్స్ గారితో బౌడన్, బీర్ దొరలు మన దేశం వచ్చి ఈ నరసాపురం వైపు సువార్త చెప్పారు, మనది తాతల నాటి విశ్వాసం అని కొత్తగా నమ్మినోళ్ళ ముందు చెప్పుకుంటాం కదా. పౌలు కూడా బెన్యామీను గోత్రం, ఎనిమిదో రోజు సున్నతి అని అంతా లెక్కపెట్టి, చివరికి పెంటతో సమానం అనేశాడు. ఆయనకంటే మన వంశం గొప్పదా?

పొద్దున్నే గట్టు మీదకెళ్ళి అన్నని క్షమించమని అడిగా. "అప్పుడే మర్చిపోయా తమ్ముడూ" అన్నాడు, కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు. మైకులో అన్నమాట గట్టు మీద సర్దేస్తే సరిపోదనిపించి ఆదివారం సంఘంలో లేచి, బ్లీచింగ్ సంగతితో సహా అంతా చెప్పా. కూటం అయ్యాక ఇద్దరు ముగ్గురు వచ్చి "ఎంత తగ్గింపు బ్రదర్ మీది" అన్నారు, ఆ మాట లోపల ఎంత తియ్యగా దిగిందో నీకొక్కడికే చెప్తున్నా. ఇంటికొచ్చి మోకాళ్ళేసి దానికి కూడా క్షమాపణ అడిగానురా, ఆ గర్వం ఎక్కడ దూరుతుందో తెలీదు, దాని కోసం ప్రార్థన చెయ్యి.

ఏరియేటర్ల దగ్గర ఇంకా మొండికేశా, ఆయన నష్టంలో ఉన్నాడు, ఎలా తీసుకుంటాం, అది మర్యాద కాదు అనుకున్నా. అప్పుడు పేతురు గుర్తొచ్చాడు, యేసు తన కాళ్ళు కడగబోతే "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు కదా. అది వినయంలాగే ఉంటుంది, కానీ తీసుకునే చోట కూర్చోలేకపోవడం అది. ప్రభువు ఒప్పుకోలేదు.

నిన్న ఆటో మాట్లాడుకుని వెళ్ళా. అద్దె ఇస్తానన్నా, వద్దన్నాడు, ఊరుకున్నా. ఆయన ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని నాలుగూ ఎక్కించాం, వదిన టీ ఇచ్చింది. వచ్చే పంటకి సీడు, అదే రొయ్య పిల్లలు, కలిసే తెచ్చుకుందామన్నాం, నువ్వు సెలవు మీద వచ్చేసరికి రెండు చెరువులూ నిండి ఉంటాయి.

నీ మావ