పేరు పాతదే, లోపలి సరుకు మారింది

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: పాత మోడల్ పేరుతోనే వేరే రకం హెడ్‌ఫోన్స్ అమ్మడం, అడిగితే వెనక్కి తీసుకోకపోవడం గురించి.

నమస్కారం.

మీ కంపెనీ వైరు హెడ్‌ఫోన్స్ నా దగ్గర రెండు సెట్లున్నాయి. ఒకటి మూడేళ్ల కిందట కొన్నది, రెండోది పోయిన నెలలో కొన్నది. అట్టపెట్టెల మీద ఒకటే పేరు, ఒకటే మోడల్ నంబరు, చివరికి ఫొటో కూడా ఒకటే. చెవులకు పెట్టుకుంటే మాత్రం రెండింటికీ దూరపు చుట్టరికం కూడా ఉన్నట్టు లేదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. చవక వస్తువు కొని, ఖరీదైనదానితో పోల్చి గొడవ పెట్టుకునే రకం కాదు నేను. తక్కువ ధరలో మంచివి కావాలని వెతికి వెతికి, తెలిసే మీవి ఎంచుకున్నాను. ఇప్పుడు పోలుస్తున్నది కూడా మీ సెట్టును మీ సెట్టుతోనే.

నా పని రికార్డింగులు విని టైపు చేయడం. మీటింగులు, ఇంటర్వ్యూలు, ఉపన్యాసాలు, ఏవి వస్తే అవి. రోజుకు ఐదు గంటలకు తక్కువ కాకుండా చెవులకు ఇవే ఉంటాయి. అందుకే మూడేళ్ల కిందట కొనే ముందు చాలానే లెక్కలు వేసుకున్నాను. అదే డబ్బుకు బ్లూటూత్‌వి కూడా దొరుకుతున్నాయి. కానీ ఆ కాస్త డబ్బులోనే బ్యాటరీ, బ్లూటూత్ చిప్, చార్జింగ్ సర్క్యూట్ అన్నీ సర్దాలి. అవన్నీ పోగా అసలు శబ్దం పుట్టించే డ్రైవర్‌కు మిగిలేది ఏపాటి? పైగా మైక్ ఆన్ చేయగానే మామూలు బ్లూటూత్ సెట్లు కాల్ మోడ్‌లోకి మారిపోయి, అంతదాకా బాగున్న శబ్దం కూడా ఫోన్ కాల్‌లా పీలగా అయిపోతుంది. నాకు క్లయింట్లతో మాట్లాడుతూనే రికార్డింగు వినే పని ఉంటుంది. అందుకని వైరుదే మేలనుకున్నాను.

ధర ఎక్కువ పెడితేనే శబ్దం బాగుంటుందన్న నమ్మకం నాకు మొదటి నుంచీ లేదు. 2017లో అమెరికా అకూస్టికల్ సొసైటీ పత్రికలో 283 హెడ్‌ఫోన్ల కొలతలతో ఒక పరిశోధన వచ్చింది. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వినిపిస్తుందన్నదానికీ, ధరకూ సంబంధం కనిపించలేదని అందులో తేల్చారు. మీ పాత సెట్టు విన్నాక ఆ మాట నిజమేననిపించింది. దాని ప్లాస్టిక్ నాసిరకం, వైరు ఊరికే మెలి పడుతుంది, తలపట్టీ గంటకల్లా నొక్కుతుంది. వీటన్నిటికీ సర్దుకుపోయాను, ఎందుకంటే మాట మాటగా వినిపించేది. ఆ ధరలో ఇంకేం కావాలి అని నలుగురికి చెప్పి కొనిపించాను కూడా. వాళ్లలో ఇద్దరు ఈ మధ్యే కొన్నారు. వాళ్ల ముందు నా మాట ఏమైందో మీరు ఊహించుకోగలరు.

ఈ మధ్య పాత సెట్టు చెవి మెత్తలు పొట్టు రాలడం మొదలైంది. టైపు చేస్తుంటే నల్లటి రేకులు కీబోర్డు మీద పడుతున్నాయి. మెత్తలు విడిగా అమ్ముతారా అని మిమ్మల్ని అడిగితే, అమ్మం అన్నారు. సరే, బాగా పనిచేసిన మోడలే కదా అని కళ్లు మూసుకుని అదే మళ్లీ ఆర్డర్ పెట్టాను.

వచ్చిన వారంలోనే దెబ్బ తగిలింది. ఒక మీటింగు రికార్డింగులో ఒకాయన ఎన్ని వాయిదాల్లో డబ్బు కట్టాలో చెప్పారు. నేను ‘అరవై’ అని కొట్టాను. ఆయన అన్నది ‘ఇరవై’. క్లయింటు ఫైలు తిప్పి పంపారు. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తూ ఇరవైకీ అరవైకీ తేడా తెలియని మనిషిని అనిపించుకోవడం ఎంత నామోషీయో మీకు చెప్పక్కర్లేదు. నా చెవులే మందగించాయేమోనని టెన్షన్ పడ్డాను. అదే ముక్కను పాత సెట్టు పెట్టుకుని విన్నాను. మొదటిసారికే ‘ఇరవై’. మళ్లీ కొత్తది, మళ్లీ పాతది, అలా ఐదారుసార్లు మార్చి మార్చి విన్నాను. కొత్తదాంట్లో మొదటి అక్షరం దగ్గర గొంతంతా కింద గుమిగూడిపోయి, ‘రవై’ మాత్రమే తేటగా బయటికి వస్తోంది. ముందున్నది ‘అ’నో ‘ఇ’నో మనమే పూరించుకోవాలి.

దీనికి కారణం తెలియనిదేమీ కాదు. ‘ఇ’ని ‘ఇ’గా పోల్చుకోవడానికి చెవికి కావలసిన భాగం చాలావరకు 2,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) పైన ఉంటుంది. ‘స’లాంటి అక్షరాల సంగతైతే ఇంకా పైన. పాతకాలం టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా మాత్రమే మోసేది కాబట్టే ఫోన్‌లో పేర్లు చెప్పేటప్పుడు ఒక్కో అక్షరం విడదీసి చెప్పాల్సి వచ్చేది. కింది శబ్దాలను అతిగా పెంచితే అవి పై శబ్దాలను కప్పేస్తాయి. మీ కొత్త సెట్టులో జరిగింది అదే. బాస్ పెంచారు, మాట పోయింది. కొత్త పెట్టె మీద ‘డీప్ బాస్’ అని స్టిక్కర్ వేసి ఉండటం చూశాకైనా నేను అనుమానించాల్సింది. పాతదానికి ఆ స్టిక్కర్ లేదు.

చెవి మోసం చేస్తుందని నాకూ తెలుసు. రెండింటిలో కాస్త గట్టిగా మోగేదే ఎప్పుడూ మేలుగా అనిపిస్తుంది. అందుకని ఒక దళసరి అట్టముక్కకు మధ్యలో చిన్న రంధ్రం చేసి, హెడ్‌ఫోన్ కప్పును దాని మీద బిగువుగా అదిమి, రంధ్రం కింద ఫోన్ మైక్ పెట్టాను. 1,000 హెర్ట్జ్ శబ్దం వేసి రెండు సెట్లనూ ఒకే స్థాయికి తెచ్చాకే పోల్చాను. ప్రయోగశాల పరికరం కాదు గానీ, రెండింటినీ ఒకే తక్కెడలో తూచడానికి అది చాలు. అక్కడే ఒక విచిత్రం కనిపించింది. పాతదానికి వాల్యూమ్ 12 గీతలు పెట్టాల్సి వస్తే, కొత్తదానికి 8 గీతలకే ఆ స్థాయి వచ్చేసింది. లోపల ఒకటే సామాను ఉంటే ఇంత తేడా ఎందుకు వస్తుంది?

లోపలి డ్రైవర్ కరెంటుకు ఎన్ని ఓమ్‌ల అడ్డు పెడుతుందో చూద్దామని మల్టీమీటర్ తెచ్చి ప్లగ్గు దగ్గర పెట్టాను. పాతది 31 ఓమ్‌లు చూపించింది. కొత్తది 16. ఎడమ, కుడి రెండు వైపులా అంతే. మీటర్ చూపించేది పెట్టె మీది లెక్కకు అచ్చంగా సరిపోకపోవచ్చు, కానీ సగానికి సగం తగ్గదు. మీ రెండు పెట్టెల మీదా మాత్రం 32 ఓమ్‌లు అనే అచ్చు వేశారు. ఆ తర్వాత రెండింటినీ వంటింటి తూకం మీద పెట్టాను. పాతది 182 గ్రాములు, కొత్తది 149. చెవి మెత్తల లోతు స్కేలుతో కొలిచాను. పాతది రాలిపోతూ కూడా 18 మిల్లీమీటర్లుంది, కొత్తది 12. కొత్తదాంట్లో చెవి అంచు లోపలి గుడ్డకు తగిలి అరగంటకే నొప్పి పుడుతుంది. శబ్దంలో తేడా నా కళ్లజోడు వల్లేమోనని అది తీసి కూడా విన్నాను. కళ్లజోడు కాడ వల్ల సందు ఏర్పడితే బాస్ తగ్గుతుంది తప్ప పెరగదు, కాబట్టి ఆ సాకూ పనికిరాదు.

ఇవన్నీ ఫొటోలతో సహా మీ చాట్‌లో పెట్టాను. వచ్చిన మొదటి జవాబు: ‘మేడమ్, సౌండ్ అనేది ఎవరి టేస్టు వాళ్లది.’ ఓమ్‌లు కూడా టేస్టేనా అని అడిగాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఇంకొకరు వచ్చి, వంద గంటలు ప్లే చేస్తే డ్రైవర్ సెట్ అవుతుంది, అప్పుడు చూడండి అన్నారు. రోజుకు ఐదు గంటల చొప్పున నేను విన్నా వంద గంటలకు 20 రోజులు పడుతుంది. మీరు వెనక్కి తీసుకునే గడువు 10 రోజులు. రోజుకు గంటో రెండు గంటలో పాటలు వినేవాళ్లయితే రెండు మూడు నెలలు. ఆ సలహా ఇచ్చిన మనిషికి ఈ లెక్క తెలియకపోయి ఉండొచ్చు. ఆ సలహాను రాసి ఆయన చేతికి ఇచ్చినవాళ్లకు తప్పకుండా తెలుసు. మంచితనంగా నమ్మి ఆరు రోజులు ఆగాను. గడువు దాటాక, రిటర్న్ కుదరదని మెసేజ్ వచ్చింది.

ఇక పెట్టె మీది మాటలు. కొత్త పెట్టె ముందు వైపు పెద్ద అక్షరాలతో ‘నాయిస్ క్యాన్సిలేషన్’ అని ఉంది. బయటి రొదను మైక్‌తో పసిగట్టి, దానికి ఎదురు శబ్దం పుట్టించి అణచడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. దానికి ఒక సర్క్యూటు కావాలి, దానికి కరెంటు కావాలి. మీ సెట్టులో బ్యాటరీ లేదు, చార్జింగ్ రంధ్రం లేదు, ఉన్నది 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు ఒక్కటే. మరి దేనితో అణుస్తోంది? పెట్టె అడుగున, బార్‌కోడ్ పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో ‘మైక్ కోసం’ అని ఉంది. అంటే అవతలివాళ్లకు నా గొంతు కాస్త శుభ్రంగా వినిపిస్తుందట, అంతే. నాకేమీ తగ్గదు. ఫ్యాను రొద, రోడ్డు రొద తగ్గుతాయని ఆశపడి కొన్నవాళ్లు చివరికి వాల్యూమ్ పెంచుకుంటారు, అది చెవులకు చేటు. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో ఈ పెట్టెను చూసి తెలుసుకోవచ్చు.

పెట్టె మీది ‘20 నుంచి 20,000 హెర్ట్జ్’ అన్న మాట సంగతి కూడా చెప్పాలి. మనిషి చెవి వినగలిగే మేర అది. ఆ మేరలో శబ్దం గట్టిదనంలో ఎన్ని డెసిబెల్స్ అటూ ఇటూ తేడా వస్తుందో రాయకపోతే ఆ అంకెతో కొనేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఈ తప్పు మీ ఒక్కరిదే కాదు, అందరూ అలాగే రాస్తున్నారు, కాబట్టి దీన్ని పట్టుకుని లాగను.

మోడల్ మార్చకూడదని నేననడం లేదు. విడిభాగాలు దొరక్కపోవచ్చు, ఖర్చు పెరిగి ఉండొచ్చు. అలాంటప్పుడు ధర కాస్త పెంచినా ఇచ్చేదాన్ని. లేదా పేరు చివర ఒక అంకె తగిలించినా, వేరే సరుకని తెలిసి ముందే జాగ్రత్తపడేదాన్ని. 1984లో వచ్చిన కాస్ కంపెనీ హెడ్‌ఫోన్ పోర్టాప్రో ఇప్పటికీ దాదాపు అదే రూపంలో అమ్ముడవుతోంది, అదీ మరీ ఖరీదైనదేమీ కాదు. పాత పేరు చూసి కొన్నవాళ్లందరూ పాత శబ్దానికే డబ్బు కట్టారు. మీ సైట్‌లో ఈ మోడల్ కింద కనిపిస్తున్న మెచ్చుకోళ్లలో చాలావరకు రెండేళ్లకు ముందువి. వాటిలో ఒకటి నేను రాసిందే. ఇప్పుడు దాన్ని తీసేయాలన్నా వీలు కావడం లేదు. నా మాటతో నేను వినని సరుకు అమ్ముతున్నారు, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. కొత్త సెట్టు వెనక్కి తీసుకుని నా డబ్బు పూర్తిగా ఇవ్వండి. మీ సలహా విని ఆగినందుకే గడువు దాటింది కాబట్టి, గడువు పేరు చెప్పి తప్పించుకోవద్దు. లోపలి డ్రైవర్ ఏ బ్యాచ్ నుంచి మారిందో రాతపూర్వకంగా చెప్పండి, నేను కొనిపించిన వాళ్లకు నేను చెప్పుకోవాలి. సైట్‌లో నేను రాసిన మెచ్చుకోలును తీసేయండి, లేదా అది పాత బ్యాచ్ గురించి అని దాని పక్కనే రాయండి. 32 ఓమ్‌లు అన్న అచ్చును సరిచేయండి. ‘నాయిస్ క్యాన్సిలేషన్’ పక్కనే, అదే సైజు అక్షరాల్లో ‘మైక్ కోసం’ అని వేయండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లు, రెండు పెట్టెల ఫొటోలు, మీటర్ చూపించిన అంకెల ఫొటోలు, చాట్ కాపీ ఈ లేఖకు జతచేస్తున్నాను. కొత్త సెట్టు దాని పెట్టెలోనే భద్రంగా ఉంది, మీ మనిషి ఎప్పుడు వచ్చినా అప్పగిస్తాను. పరీక్షకు పాత సెట్టు కూడా పంపమని మాత్రం అడగకండి. నా పని దాని మీదే నడుస్తోంది. మీ గోడౌన్‌లో ఎక్కడైనా దాని మెత్తలు ఒక జత మిగిలి ఉంటే చెప్పండి, డబ్బు కట్టి తీసుకుంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్