బీటలు వారిన గోడకు ఒక్క వాక్యం జవాబా?

సంపాదకునికి,

ఓపెన్‌కాస్ట్ గనుల పక్క ఊళ్లలో పేలుళ్లకు ఇళ్లు బీటలిచ్చాయని ఫిర్యాదు చేస్తే 'ప్రకంపనలు పరిమితిలోనే ఉన్నాయి' అని రాసి ఫైలు మూసేస్తారు. ఏ పరిమితి? గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ 1997 సర్క్యులర్ ప్రకారం కంపెనీవి కాని మామూలు ఇళ్ల దగ్గర నేల కంపన వేగం, పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్క) 8 హెర్ట్జ్ లోపైతే సెకనుకు 5 మి.మీ., 8-25 మధ్య 10, ఆపైన 15 దాటకూడదు. కాబట్టి పౌనఃపున్యం చెప్పకుండా '9 మి.మీ.' అంటే ఏమీ చెప్పనట్టే. ప్రకంపనలు కొలిచే యంత్రాన్ని గని గేటు దగ్గర పెట్టి తీసిన రీడింగు ఊళ్లోని ఇంటికి సాక్ష్యం కాదు.

ఫిర్యాదుకు తేదీతో రసీదు ఇవ్వాలి. జవాబులో పేలుడు సమయం, ఒక్కో డిలేకి (స్వల్ప వ్యవధి తేడాతో పేల్చే ఒక్కో విడతకి) వాడిన గరిష్ఠ పేలుడు మందు, ఇంటికి దూరం ఉండాలి. తవ్వకం మొదలుకాకముందే గోడల ఫొటోలు తీసి యజమాని సంతకంతో ఒక ప్రతి ఆయనకే ఇవ్వాలి. లేకుంటే 'పాత బీటలే' అన్న మాట ఎటూ తేలదు.

పరిహారం కాగితం మరో మెలిక. పపువా న్యూగినీలోని పోర్గెరా బంగారు గనిలో సెక్యూరిటీ గార్డుల లైంగిక హింసకు గురైన మహిళలకు కంపెనీ పరిహారమిస్తూ, ఇక దావా వేయబోమని రాయించుకోవడం అంతర్జాతీయంగా విమర్శల పాలైంది. ఇక్కడా డబ్బు తీసుకునేవాళ్లు కోర్టు హక్కు వదులుకునే వాక్యం ఉందేమో సంతకానికి ముందు లాయరుతో చదివించుకోవాలి. ఆ ఖర్చు కంపెనీయే భరించాలి.

— ఒక పాఠకుడు, రామగుండం