టీకాల మీద అనుమానాలకు వాట్సాప్‌లో జవాబులు: సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024-25

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. పార్కు ప్రహరీ పూర్తయింది. వెనక వీధులకు దీపాలు వచ్చాయి. బతుకమ్మ, సంక్రాంతి ముగ్గుల పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. ఆడిట్ అయిన జమాఖర్చులు కమ్యూనిటీ హాలు నోటీసు బోర్డులో పెట్టాం. నివేదికలో ఎక్కువ చోటు మాత్రం టీకాల పనికే ఇస్తున్నాం. డబ్బు పెద్దగా ఖర్చు కాలేదు గానీ సభ్యుల సమయం ఎక్కువగా దీనికే పోయింది. ఖమ్మం వాళ్ళం కాబట్టి ఈ పని మిగతా ఊళ్ళకన్నా మనకే ఎక్కువ అవసరమని కార్యవర్గం గట్టిగా నమ్మింది. కారణం కింద వివరంగా రాశాం.

మున్నేరు వరద తర్వాత

సెప్టెంబరు 1న మున్నేరు పొంగి మన దిగువ వీధుల్లో ఇళ్ళు మునిగిన సంగతి, తర్వాత అందరం కలిసి బురద ఎత్తిపోసిన సంగతి సభ్యులకు తెలిసిందే. నీళ్ళు తీశాక ఇంకో నష్టం బయటపడింది. బీరువా అడుగు అరలో ఆధార్, రేషన్ కార్డుల పక్కనే దాచిన పిల్లల టీకా కార్డులు నాని ముద్దయిపోయాయి. ఒక ఇంట్లో తల్లి ఆ కార్డును దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేసింది. ఆరాక చూస్తే అచ్చు అక్షరాలు ఉన్నాయి, వాటి పక్కన పెన్నుతో రాసిన తేదీలు లేవు. బాబుకు పద్నాలుగు వారాల పెంటావాలెంట్ (ఐదు రోగాలకు కలిపి వేసే టీకా) పడిందో లేదో ఆమెకు గుర్తు లేదు. మళ్ళీ మొదటి నుంచి అన్ని సూదులూ వేస్తారేమోనని భయపడి సెంటరుకు వెళ్ళడమే మానేసింది.

ఇలాంటి ఇళ్ళకు మన యువజన విభాగం పిల్లలు ఆశా కార్యకర్తలతో కలిసి వెళ్ళారు. సెంటరులో టీకాలు వేసే నర్సు ఏఎన్ఎం గారు రిజిస్టర్లు తిరగేసి చాలామంది తేదీలు పట్టుకున్నారు. కేంద్రం 2023 జనవరిలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఆన్‌లైన్ టీకా నమోదు వేదిక యూ-విన్‌లో పేరు ఉన్న పిల్లల విషయంలో వెతుకులాటే లేకపోయింది. తల్లి మొబైల్ నంబరు చెబితే చాలు, ఏ డోసు ఎప్పుడు పడిందో కనిపించింది. పేరు లేనివాళ్ళను అప్పుడే నమోదు చేయించాం. డోసు తప్పితే ఆగిన చోటి నుంచే వేస్తారు, మొదటి నుంచి అక్కర్లేదు అని చెప్పాక ఆ తల్లి వచ్చే బుధవారమే బాబును తీసుకెళ్ళింది.

ఇంటింటికీ తిరిగినప్పుడు ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. టీకాకు రానివాళ్ళలో టీకాలంటే పడనివాళ్ళు ఎవరూ లేరు. ఒకటో రెండో ప్రశ్నలు మనసులో పెట్టుకుని, అడిగితే ఏమంటారోనని ఊరుకున్నవాళ్ళే అందరూ. బుధ, శనివారాల్లో సెంటరు దగ్గర పిల్లల ఏడుపులు, క్యూ. ఆ హడావుడిలో ఏఎన్ఎం గారిని నిలబెట్టి అడగడం ఎవరికైనా కష్టమే. రాత్రి పిల్లలు పడుకున్నాక తీరిగ్గా అడిగే చోటు ఒకటి ఉండాలనుకున్నాం.

వాట్సాప్ సహాయకుడు

వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి జవాబు తీసుకోవడం మనవాళ్ళకు కొత్త కాదు. 2020 మార్చిలో కేంద్రం మైగవ్ కరోనా హెల్ప్‌డెస్క్ పెట్టింది. 2021 ఆగస్టు నుంచి చాలామంది కోవిడ్ టీకా సర్టిఫికెట్ అందులోనే దించుకున్నారు. అదే దారిలో, కాలనీలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు మన సంఘం నంబరు మీద చిన్న చాట్‌బాట్ తయారుచేశారు.

అడిగిందల్లా అప్పటికప్పుడు అల్లి చెప్పే ఏఐ పెడదామని కొందరు సభ్యులు సూచించారు. కార్యవర్గం బాగా చర్చించి వద్దనుకుంది. అలాంటి ఏఐ తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే చెబుతుంది. పసిపిల్లల టీకా తేదీ విషయంలో అది కుదరదు. అందుకే జవాబులన్నీ మన కాలనీలోనే ఉండే రిటైర్డ్ పిల్లల డాక్టరు గారు, ఏఎన్ఎం గారు కూర్చుని రాశారు. అడిగిన ప్రశ్నకు తగిన జవాబు వెతికి ఇవ్వడం వరకే యంత్రం పని. ఫ్రాన్స్‌లో కోవిడ్ టీకాల మీద ఇలాగే ముందే రాసిపెట్టిన జవాబులతో పనిచేసే చాట్‌బాట్‌ను పరీక్షించి, ఆ ఫలితాలను 2021లో ప్రచురించారు. దాంతో కొద్ది నిమిషాలు మాట్లాడినవాళ్ళలో టీకా వేయించుకుందామన్న ఆలోచన పెరిగిందని తేలింది. జవాబు దొరకనప్పుడు మన సహాయకుడు ఆ మాటే చెప్పి, అడిగినవాళ్ళు ఒప్పుకుంటే ఏఎన్ఎం గారి చేత ఫోన్ చేయిస్తాడు. ఎవరు ఏం అడిగారో కాలనీ గ్రూపులోకి రాదు. టీకా వద్దన్నవాళ్ళ జాబితా మా దగ్గర లేదు, ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన ప్రశ్న జ్వరం గురించే. సూది వేయించిన రాత్రి పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే, "బాగున్న పిల్లకు రోగం తెచ్చిపెట్టారు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. ఆ మాట పడ్డ కోడలు రెండో డోసుకు రాదు. పెంటావాలెంట్‌లో కోరింత దగ్గు రాకుండా కాపాడే భాగం వల్ల జ్వరం, తొడ మీద వాపు రావడం మామూలేనని, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని సహాయకుడు చెబుతాడు. ఫిట్స్ వచ్చినా, పిల్ల మత్తుగా పడి ఉన్నా, పాలు తాగకపోయినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళమని కూడా చెబుతాడు. సూది తర్వాత అరగంట సెంటరులోనే ఎందుకు కూర్చోబెడతారో, బీసీజీ (క్షయ టీకా) వేసిన చోట కొన్ని వారాలకు పుండులా వచ్చి మచ్చ ఎందుకు పడుతుందో కూడా ఉంది. ఇబ్బందులు ముందే చెబితే జనం రారని ఒకరిద్దరు సభ్యులు వాదించారు. జ్వరం వస్తుందని ముందే తెలిసిన అత్తగారు కోడల్ని తిట్టలేదన్నది ఈ ఏడాది మేం దగ్గరగా చూసిన విషయం.

భాష దగ్గర పిల్లలు చాలా కష్టపడ్డారు. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టేవాళ్ళే ఎక్కువ, ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. పెద్దవాళ్ళు వాయిస్ మెసేజే పెడతారు. మన యాసలో గబగబా మాట్లాడితే యంత్రం సగం వదిలేస్తోంది. ఆ మెసేజ్‌లను ఇప్పటికీ వాలంటీర్లే విని బదులిస్తున్నారు.

తమకు వచ్చిన ఫార్వర్డ్‌ను సహాయకుడికి పంపి నిజమా అని అడిగే అలవాటు కొన్ని ఇళ్ళలో మొదలైంది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం జరిగినప్పుడు తిరిగిన మెసేజ్‌లే కొత్త ఫోటోలతో మళ్ళీ వస్తున్నాయి. ఎన్నోసార్లు ఫార్వర్డ్ అయినదాన్ని ఒకసారికి ఒక్కరికే పంపగలిగేలా వాట్సాప్ 2020లో కట్టడి పెట్టినా ఇవి ఆగలేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా

ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ పేరు హెచ్‌పీవీ. హెచ్‌పీవీ టీకా గురించి అడిగినప్పుడు మన జిల్లాలో ఎవరైనా ముందు 2009 గుర్తు చేస్తారు. ఆ జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10-14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయించాయి. వాళ్ళలో హాస్టళ్ళలో చదివే గిరిజన పిల్లలు ఎందరో. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో పెద్ద ఆందోళన జరిగి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు పెట్టారని బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ చరిత్రంతా సహాయకుడి జవాబులో పెట్టాలా, ఎందుకు పాతవి తవ్వడం అని కార్యవర్గంలో గట్టి వాదన జరిగింది. పెట్టాలనే తీర్మానించాం. ఇక్కడ అందరికీ సగం కథ తెలుసు. మనం దాస్తే మిగతా జవాబులనూ ఎవరూ నమ్మరు.

తెలియని సగం కూడా ఉంది. 2010లో వచ్చిన ఆ నిలుపుదల దేశంలో విడిగా నడుస్తున్న మరో హెచ్‌పీవీ పరిశోధననూ మధ్యలో ఆపేసింది. అందులో రెండు, మూడు డోసులు పడాల్సిన అమ్మాయిల్లో సుమారు 5 వేల మందికి ఒక్క డోసే పడింది. వాళ్ళను పదేళ్ళ దాకా గమనిస్తే, క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన 16, 18 రకాల వైరస్‌ల నుంచి ఒక్క డోసు కూడా దాదాపు అంతే రక్షణ ఇస్తోందని 2021లో తేలింది. ఒక్క డోసుతోనూ సరిపెట్టవచ్చని డబ్ల్యూహెచ్ఓ 2022 డిసెంబరులో చెప్పడానికి ఆధారమైన వాటిలో ఇదొకటి. మన దేశంలో 2020 ఒక్క ఏడాదిలోనే ఈ క్యాన్సర్‌తో 77 వేల మందికి పైగా ఆడవాళ్ళు చనిపోయారని అంచనా. 2023 జనవరిలో మన దేశపు టీకా సెర్వావాక్ వచ్చింది. 2025 మార్చి నాటికి ఇక్కడ దాన్ని కొనుక్కునే వేయించుకోవాల్సి వచ్చేది.

ఫిబ్రవరిలో డాక్టరు గారితో పెట్టిన సమావేశానికి తిరుమలాయపాలెం వైపు నుంచి వచ్చి మన కాలనీలో స్థిరపడిన ఒక పెద్దావిడ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు. ఫోన్‌లో మనవరాలు చదివి వినిపించిన జవాబు ఆమెకు సరిపోలేదు. లేచి నిలబడి అడిగారు.

"అప్పుడు వార్డెన్ సంతకం పెడితే పిల్లలకు సూదేశారంట గదా. ఇప్పుడు ఎవరు పెడతారు?"

"అమ్మానాన్నలే పెట్టాలి పెద్దమ్మా. మీ ఇంట్లో వద్దంటే వద్దు."

"మరి ఆ పిల్లలు ఎట్లా పోయారు?"

డాక్టరు గారు దాటవేయలేదు. నీళ్ళలో మునిగి, పాము కరిచి, పురుగుమందు తాగి, జ్వరంతో అని విచారణలో చెప్పిన కారణాలు ఒక్కొక్కటే చెప్పారు. ఆ కుటుంబాలకు ఈ మాట కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేకపోవడం అన్యాయమన్నారు. పెద్దావిడ చాలాసేపు విన్నారు, ఇంకా అడిగారు. మనవరాలికి వేయించాలా వద్దా అన్నది ఆ ఇంట్లో ఇంకా తేలలేదు. మేం ఫోన్ చేసి అడగం. వాళ్ళు అడిగితే డాక్టరు గారు మళ్ళీ వెళ్తారు.

వచ్చే ఏడాదికి

లంబాడీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ళకు సహాయకుడు ఇంకా చేరలేదు. ఆ భాషల్లో జవాబులు చదివి రికార్డు చేయగల ఆడవాళ్ళు, ముఖ్యంగా పిల్లల తల్లులు, ముందుకు రావాలని కోరుతున్నాం. ఫోన్ రీచార్జికి, వాట్సాప్ ఖర్చుకు సంఘం నిధి నుంచి ఇవ్వాలన్న తీర్మానం సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఉంది. జవాబులను ఆరు నెలలకోసారి డాక్టరు గారు, ఏఎన్ఎం గారు మళ్ళీ సరిచూడాలన్న నియమం కూడా అందులోనే చేర్చాం. ఆ రోజు ఏఎన్ఎం గారు హాలుకు వస్తున్నారు. తడిసిన, చిరిగిన టీకా కార్డులున్నవాళ్ళు వాటిని, తల్లి ఫోన్‌ను వెంట తెచ్చుకుంటే యూ-విన్ నమోదు అక్కడే చేస్తారు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి