తుపాకీ కొన్నవారి చేతికీ పరీక్ష పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో పిస్టల్ శుభ్రం చేస్తుండగా ‘మిస్‌ఫైర్’ అయి ఫలానావారు గాయపడ్డారన్న వార్తలు పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. కొత్తగా తుపాకీ పట్టినవారికి షూటింగ్ రేంజిలో చాలా ఏళ్లుగా మెలకువలు నేర్పుతున్నవాడిని కనుక ఆ మాట దగ్గర ప్రతిసారీ నా చూపు ఆగిపోతుంది. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటారు. పేలకూడని చోట పేలినదానికి అదే పేరు పెట్టడం వల్ల తప్పంతా యంత్రం మీదికి పోయి, ఆ క్షణంలో వేలు ఎక్కడుందన్న ప్రశ్న ఎవరికీ తట్టకుండా పోతోంది. పాతకాలపు నమూనాలు, లోపమున్న తుపాకులు కిందపడి పేలిన సందర్భాలు లేకపోలేదు. కానీ శుభ్రం చేస్తుండగా పేలిందంటే దాదాపు ప్రతిసారీ జరిగేది ఒక్కటే: చాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో పేలేముందు తూటా కూర్చునే అరలో, తూటా మిగిలిపోయింది, ట్రిగ్గర్ మీద వేలు పడింది.

ఆ మధ్య ఒకాయన కొత్త పిస్టల్‌తో మా దగ్గరికి వచ్చారు. చదువుకున్నవారు, నెమ్మదస్తులు. పిడిలో తూటాల వరస ఉండే పెట్టెను, అంటే మ్యాగజైన్‌ను, తీసి బల్ల మీద పెట్టి, “ఖాళీయేనండీ” అన్నారు. గొట్టాన్ని గురి గోడ వైపు తిప్పి, పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగమైన స్లైడ్‌ను వెనక్కి లాగమన్నాను. లాగగానే చాంబర్‌లోంచి తూటా ఒకటి బయటికి ఎగిరి, బల్ల మీద పడి దొర్లుకుంటూ ఆయన చేతి దాకా వెళ్లి ఆగింది. ఆయన కాసేపు మాట్లాడలేకపోయారు. ముందు రోజు రాత్రి అదే పిస్టల్‌ను ఇంట్లో పిల్లలకు చూపించానని ఆ తర్వాత నెమ్మదిగా చెప్పారు.

మ్యాగజైన్ తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ కాదు. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ లాగాలి, ఆపైన చాంబర్‌లోకి కంటితో చూడాలి, వెలుతురు చాలకపోతే చిటికెన వేలితో తడిమి చూడాలి. ఈ వరస తప్పి ముందు స్లైడ్ లాగితే, లోపలి తూటా బయటికి వచ్చిన మరుక్షణమే మ్యాగజైన్ నుంచి మరొకటి ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు మ్యాగజైన్ తీసేసిన మనిషి తూటా బయట పడటం కళ్లారా చూశాను కదా అన్న ధీమాతో ఉంటాడు. దీనికి తోడు, బాగా వాడుకలో ఉన్న కొన్ని నమూనాలను శుభ్రం చేయడానికి విడదీయాలంటే ముందుగా ట్రిగ్గర్ నొక్కక తప్పదు. మీ వార్తల్లో కనిపించే ప్రమాదాల్లో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఈ జాగ్రత్తలు నేను కనిపెట్టినవి కావు. 1976లో అమెరికాలోని ఆరిజోనాలో పిస్టల్ శిక్షణ పాఠశాల నెలకొల్పిన జెఫ్ కూపర్ నాలుగు నియమాలకు ప్రచారం తెచ్చారు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. ధ్వంసమైనా ఫరవాలేదనుకున్నదాని వైపు తప్ప గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. లక్ష్యమేమిటో, దాని వెనుక ఏముందో తెలిసి ఉండాలి. ఒకటి తప్పినా మిగిలినవి కాపాడేలా ఇవి అమరి ఉన్నాయి. అయితే చదివి తలూపినంత మాత్రాన ఇవి చేతికి పట్టవు. ఏదైనా పట్టుకోగానే చూపుడు వేలు ముడుచుకోవడం చేతి స్వభావం. దాన్ని ట్రిగ్గర్‌కు తగలకుండా, దానికి ఎగువన ఫ్రేమ్ (తుపాకీ చట్రం) వెంట నిటారుగా ఉంచడం అలవాటు కావడానికి వందలసార్లు చేయాలి.

తుపాకీ ఇంటికి వచ్చిన మొదటి రోజు తూటాలు పెట్టెలోనే ఉండాలి. తయారీదారు ఇచ్చిన పుస్తకం ఆసాంతం చదవాలి, నిల్వ కోసం పూసిన జిడ్డును తుడవాలి, గొట్టంలో ఏ అడ్డూ లేదని చూసుకోవాలి, పుస్తకం చెప్పిన చోట్ల మాత్రమే పలుచగా నూనె వేయాలి. ఆ తర్వాత కొన్ని వారాలు ఖాళీ తుపాకీతో సాధన చేయాలి. తూటాలను మరో గదిలో పెట్టి, తూటాను ఆపగల గోడ వైపు నిలబడి, గురి కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం దీని సారాంశం. తూటా అడుగు అంచు మీద దెబ్బ కొట్టి పేల్చే పాయింట్ 22 రిమ్‌ఫైర్ తుపాకులకు మాత్రం ఖాళీగా నొక్కడం వల్ల చాంబర్ అంచు దెబ్బతినే అవకాశం ఉంది కనుక పుస్తకం ఒప్పుకుంటేనే చేయాలి. సాధన ముగించి తూటాలు నింపుకున్నాక ‘ఇంకొక్కసారి’ అనుకోవడం అన్నింటికన్నా ప్రమాదకరం.

రేంజిలో మొదటిసారి మ్యాగజైన్‌లో ఒకే ఒక్క తూటా పెట్టి ఇస్తాను. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. ఆ శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి వినికిడి ఒక్క దెబ్బకే దెబ్బతినవచ్చు. బొటనవేలు స్లైడ్ వెనక్కి వచ్చే దారిలో ఉంటే చర్మం చీరుకుపోతుంది. కొన్నాళ్లకు మ్యాగజైన్‌లో వారికి తెలియకుండా ఒక ఉత్తుత్తి తూటా కలుపుతాను. అది వచ్చినప్పుడు ట్రిగ్గర్ టక్కుమంటుంది, పేలుడు ఉండదు, అయినా పేలుతుందన్న బెదురుతో గొట్టం ఒక్కసారిగా కిందికి వంగుతుంది. గురి ఎందుకు తప్పుతోందో అప్పుడు వారే చూసుకుంటారు. నొక్కినా పేలకపోతే, ఆలస్యంగా పేలవచ్చు కనుక గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగాలని, చప్పుడు ఎప్పటికన్నా మందకొడిగా వస్తే ఇక కాల్చకుండా ఆపేయాలని ముందే చెబుతాను. చప్పుడు మందకొడిగా వచ్చినప్పుడు తూటా గొట్టంలో ఇరుక్కుని ఉండవచ్చు, దాని వెనుక మరొకటి పేలితే గొట్టమే చీలిపోతుంది.

లైసెన్సు ఇచ్చేముందు నేరచరిత్ర, నడవడిక చూస్తారు. అది అవసరమే. కానీ ఆ మనిషి చేత మ్యాగజైన్ తీయించి, స్లైడ్ లాగించి, చాంబర్ చూపించమని అడిగే పద్ధతి అన్నిచోట్లా లేదు. ఆ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. శిక్షకుడి ఎదుట కనీసం కొన్ని రోజులు సాధన చేసి, ఆ పరీక్షలో నెగ్గినవారికే తుపాకీ అప్పగించాలని, ఇంట్లో తుపాకీకీ తూటాలకూ వేర్వేరు తాళాలున్నాయని చూపించాకే ఇంటికి తీసుకెళ్లనివ్వాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మీకూ ఒక మనవి. ఇకపై ఇలాంటి వార్త వచ్చినప్పుడు ‘మిస్‌ఫైర్’ అని రాసేముందు, చాంబర్ ఎవరు చూశారో, ట్రిగ్గర్ మీద ఎవరి వేలుందో మీ విలేకరి ఒక్క మాట అడిగి రాయాలి.

ఇట్లు,
ఒక షూటింగ్ శిక్షకుడు